సోమశిల బోటుల మా అక్క నడుము ఇరిగింది, దవఖానల "ఇంట్ల జారిపడ్డది" అని రాపిచ్చినం, ఇప్పుడు కేసు ఐతదా?

దేవరకొండోడు:
అన్నలూ అక్కలూ జెర పెద్ద పోస్టు, ఓపికతోని చదవండి. పోయిన నెల ఆదివారం మా అక్కోళ్లు, మేము కలిసి 11 మందిమి కృష్ణ ఒడ్డున కొల్లాపూర్ కాడి సోమశిల పోయినం. గుడిల దర్శనమైనంక పిల్లలు ఒకటే గోల చేస్తే ఒక ప్రైవేటాయన స్పీడ్ బోటు ఎక్కినం. మనిషికి 300, ఫోన్‌పే కొట్టినం. లైఫ్ జాకెట్లు ఎనిమిదే ఉండె, అవి పిల్లలకు, ఆడోళ్లకు ఇచ్చిండు. మా అక్కను ఏమో బోటు ముందట మూతి కాడ కూసోవెట్టిండు. నీళ్ల నడుమకు పోయినంక ఒక పెద్ద లాంచి ఎదురొచ్చింది, దాని అలల మీదికెళ్లి ఈయన స్పీడు తగ్గియ్యకుండనే కొట్టిండు, బోటు ముందర గాల్లకు లేసి దబ్బున కింద పడ్డది, అక్క సీటు మీదికెళ్లి ఎగిరి మళ్ల దాని మీదనే కూలబడ్డది. గంతే, ఇగ లేవలే.

ఒడ్డుకొచ్చినంక ఆయన బావ చేతులు పట్టుకొని, పోలీసులకు ఎరుకైతే నా బోటు పట్టుకపోతరు, పిల్లలున్నోణ్ని అని ఏడ్సిండు. బావ మెత్తటి మనిషి. దవఖానల డాక్టర్ అడిగితే ఇంట్ల బాత్రూంల జారిపడ్డదని చెప్పిండు, కేస్ షీట్ల అదే రాసిండ్రు. ఎంఆర్ఐ తీస్తే ఎల్1 కంప్రెషన్ ఫ్రాక్చర్, అంటే నడుము కాడి మొదటి ఎన్నుపూస నలిగి ఇరిగిందన్నరు, ఆపరేషన్ అక్కర్లేదు గని మూడు నెలలు బెల్టు, పడక. అక్క మిషన్ కుట్టి ఇల్లు నడుపుతది, మూడు నెలలు కూసోకుంటే ఎట్ల? ఇప్పుడు ఆ బోటాయన 20 వేలు ఇస్త, తెల్ల కాయితం మీద సంతకం పెట్టుమంటున్నడు. ఎక్కేముందు కూడ "ఏమైనా ఎక్కినోళ్లదే బాధ్యత" అని రాసున్న చీటి మీద మాతోని సంతకం తీసుకున్నడు. మా తమ్ముడేమో యూట్యూబ్ల చూసి మారిటైమ్ లా కింద హైకోర్టుల ఎయ్యాలె అంటుండు. నిజమేనా?

ఫిజియో_పాలమూరు:
లా సంగతి వేరేవాళ్లు చెప్తరు, ముందు అక్క గురించి. స్పీడ్ బోట్లల్ల ఈ దెబ్బ కొత్తది కాదు. అల మీద బోటు లేసినప్పుడు అందరికన్న ఎక్కువ ఎత్తుకు లేసేది ముందట కూసున్న మనిషే, కింద పడేటప్పుడు సీటు కిందికెళ్లి ఎదురు కొడ్తది, ఆ బరువంత ఎన్నుపూస మీద పడ్తది. ఛాతి ఎన్నుపూస అయిపోయి నడుముది మొదలయ్యే కాడ, అంటే టీ12 (ఛాతిది ఆఖరు పూస), ఎల్1 దగ్గరనే ఎక్కువ నలుగుతది. ఎముకలు పల్చబడ్డ ఆడవాళ్లకు ఇంకా తొందరగ. అందుకే నడుము నొప్పున్నోళ్లు, వయసు పైబడ్డోళ్లు, గర్భిణులు వెనక సీట్లల్లనే కూసోవాలె.
ఒక్కటి మాత్రం యాదుంచుకో. కాళ్లు తిమ్మిరెక్కినా, బలం తగ్గినా, ఒంటికి రెంటికి తెలుస్తలేదన్నా తెల్లారెదాక ఆగొద్దు, ఆ నిమిషమే పెద్ద దవఖానకు తీస్కపోవాలె.

నల్లగొండ_అడ్వకేట్:
తమ్మీ, మొదలు ఆ తెల్ల కాయితం మీద సంతకం పెట్టకు. 20 వేలు కాదు 2 లక్షలిచ్చినా తెల్ల కాయితం మీద వద్దు.

మారిటైమ్ లా అంటే సముద్రం మీద తిరిగే ఓడలది. 2017ల వచ్చిన అడ్మిరల్టీ చట్టంల లోతట్టు నీళ్ల పడవలకు వర్తించదని అండ్లనే రాసుంది. మన కృష్ణల తిరిగే ఇంజిన్ బోటుకు వర్తించేది 2021 ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం, పాత 1917 చట్టం తీసేసి తెచ్చిండ్రు. దాని ప్రకారం బోటుకు రిజిస్ట్రేషన్, సర్వే సర్టిఫికెట్ (బోటు నడపనీకి పనికొస్తదని చూసి ఇచ్చేది), ఇన్సూరెన్స్ ఉండాలె, నడిపేటోనికి కూడ సర్టిఫికెట్ ఉండాలె. మీ ఫోటోలల్ల బోటు నంబరు కనవడ్తదేమో చూడు. నంబరే లేకుంటే అది కూడ సాక్ష్యమే, ఫోటో దాచిపెట్టు.

పోలీస్ కంప్లయింట్ ఇయ్యి. బీఎన్ఎస్ (ఐపీసీ జాగల వచ్చిన కొత్త శిక్షల చట్టం) 282 పడవను నిర్లక్ష్యంగ నడిపినందుకు, 284 ప్రమాదకరమైన పడవల, లేకపోతే మోయలేనంత మందిని కిరాయికి ఎక్కించుకున్నందుకు. 11 మందికి ఎనిమిది జాకెట్లంటే ఇది అక్కరకొస్తది. ఎముక ఇరిగింది కాబట్టి చట్టం దృష్టిల అది తీవ్ర గాయమే, ఇంకొకల పానానికి ముప్పు తెచ్చినందుకు 125 కూడ పడ్తది. సోమశిల కాడ నది అవతలి ఒడ్డు ఆంధ్ర, నడిమిట్ల జరిగింది కాబట్టి రెండు దిక్కుల పోలీసోళ్లు మాది కాదంటే మాది కాదంటరు. దానికి జీరో ఎఫ్ఐఆర్ ఉంది, మీ దేవరకొండ స్టేషన్లనే ఇయ్యొచ్చు. తీసుకోకుంటే ఎస్పీకి పోస్టుల పంపు.

ఇగ కేస్ షీట్. అసలు తిప్పలు ఈడనే ఉంది. అవతలి లాయర్ మొదలు పట్టుకునేది అదే. దాన్ని దిద్దియ్యమని డాక్టర్ను బతిమాలకు, దిద్దితే ఇంకా అనుమానమొస్తది. బావ ఎందుకట్ల చెప్పిండో, ఎవరు బతిమాలితే చెప్పిండో కంప్లయింట్ల ఉన్నదున్నట్టు రాయండి. ఫోన్‌పే టైము, ఎంఆర్ఐ తేదీ, పిల్లలు ఫోన్ల తీసిన వీడియోలు, పక్కన కూసున్నోళ్ల పేర్లు, ఇప్పుడు 20 వేలు ఇస్తనని ఆయన పెట్టిన మెసేజులు, అన్ని ఒక్క తీరుగ నిలబడితే జారిపడ్డదన్న మాట నిలువదు. స్టేషన్ నుంచి గవర్నమెంట్ దవఖానకు పంపించి వూండ్ సర్టిఫికెట్ (గాయం గురించి డాక్టర్ రాసిచ్చే కాయితం) తీసుకోండి.

పైసల కోసం నల్లగొండ కన్స్యూమర్ కమిషన్. అక్క ఉండే జిల్లాలనే ఎయ్యొచ్చు, సోమశిల దిక్కు తిరిగే పని లేదు. ఫీజు టికెట్ పైసలను బట్టి, 5 లక్షల లోపు ఫీజే లేదు. ప్రమాదమైన రోజు నుంచి రెండేండ్ల లోపల ఎయ్యాలె. మందుల బిల్లులే కాదు, కుట్టుపని ఆగినందుకు కూడ అడుగు, నెలకెంత కుట్టేదో గిరాకీల బుక్కు ఉంటే జాగ్రత్త చెయ్యి. ఎక్కేముందు రాసిచ్చిన చీటితోని డ్రైవర్ నిర్లక్ష్యం మాఫీ కాదు.

కొల్లాపూర్_మనిషి:
మాది ఆ దిక్కే. 2007 జనవరిల మంచాలకట్ట కాడ పడవ మునిగి 60 మంది దాకా పోయిండ్రు, ఆ ఏడుపులు ఇప్పటికీ చెవులల్ల ఉన్నయి. గిసొంటి టైంల పేదోడు పాపం అని మనం నోరు మూసుకుంటే మళ్ల ఆదివారం ఇంకో 11 మందిని అట్లనే ఎక్కిస్తడు. ఆయన మీద నాకు కోపం లేదు తమ్మీ, బోటు మీదనే బతికేటోళ్లు మా ఊర్లల్ల మస్తుమంది, జాకెట్ లేనిది ఎక్కించనోళ్లు కూడ ఉన్నరు. కంప్లయింట్ ఇయ్యి. ఆ రోజు ఒడ్డు మీద బజ్జీల బండోళ్లు చూసే ఉంటరు, సాక్ష్యం కావాలంటే నేను పోయి అడుగుత.

దేవరకొండోడు:
అందరికి దండాలు. నిన్న బావకు ఇవన్ని చదివి వినిపిచ్చిన, శానాసేపు మాట్లాడలే. అక్కనే పండుకునే కాడికెళ్లి "నువ్వు చెప్పినదాంట్ల తప్పేముంది, జాలిపడ్డవు, ఇప్పుడు నిజం చెప్పు" అన్నది. పొద్దుగాల స్టేషన్‌కు పోతున్నం. ఫోటోల చూసినం, బోటు మీద నంబర్ లేదన్నా. కొల్లాపూర్ అన్నా, నీకు మెసేజ్ పెట్టిన, చూడు.