14 ఏళ్ళ పిల్లాడు, 2.3 కిలోలు ఎక్కువ, తూకానికి 9 రోజులు: ఎవరి మాట వినాలి?

కుమితే_మాస్టర్:
నా దగ్గర కరాటే నేర్చుకునే 14 ఏళ్ళ విద్యార్థి. క్యాడెట్ (14, 15 ఏళ్ళ వాళ్ళ) కుమితే, అంటే ఎదురెదురు పోరులో, 52 కిలోల లోపు విభాగంలో ఎంట్రీ వెళ్ళిపోయింది. ఇవాళ పొద్దున పరగడుపున తూస్తే 54.3. పోటీ తూకానికి 9 రోజులుంది, విభాగం మార్చుకోవడానికి 2 రోజులే గడువు. తండ్రేమో ‘ఎలాగైనా తగ్గించండి, పైనున్న 57 కిలోల విభాగంలో పెద్ద ఒళ్ళున్న వాళ్ళ చేతిలో దెబ్బలు తింటాడు, కావాలంటే అనుమతి కాగితం మీద సంతకం పెడతాను’ అంటున్నారు. అసోసియేషన్ వాళ్ళు ఇప్పుడు మార్పులేంటని విసుక్కుంటున్నారు. పిల్లాడు మూడు రోజులుగా రాత్రిపూట తినడం లేదట, స్కిప్పింగ్ చేస్తుంటే కళ్ళు బైర్లు కమ్ముతున్నాయట. ఇంట్లో మాత్రం చెప్పొద్దంటున్నాడు. ముగ్గురికీ నేనే జవాబు చెప్పుకోవాలి. ఏది ముందు, ఏది తర్వాత?

బరువు_లెక్క:
ముందు లెక్క వేయండి, సగం వాదన అక్కడే తేలిపోతుంది. కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 కేలరీల లోటు కావాలి. 2.3 కిలోలకు 17,700. 9 రోజులకు పంచితే రోజుకు 1,970 దాకా వస్తుంది. ఎదిగే వయసులో ఉండి రోజూ సాధన చేసే పిల్లాడికి అంత లోటు పెట్టడమంటే దాదాపు పస్తు పడుకోబెట్టడమే. కాబట్టి 9 రోజుల్లో పోయేది కొవ్వు కాదు. మొదట కండరాల్లో దాచుకున్న గ్లైకోజెన్ (నిల్వ చక్కెర), దాన్ని అంటిపెట్టుకున్న నీరు పోతాయి. మిగతాది చివరి రెండు రోజులు మంచినీళ్ళు మాన్పించి, చెమట పట్టించి లాగాలి. 2.3 కిలోలంటే అతని బరువులో 4.2 శాతం. బరువులో 2 శాతం మేర నీరు తగ్గితేనే ఓపిక పడిపోవడం మొదలవుతుంది. తూకం అయ్యాక సీసాడు నీళ్ళు తాగించినంత మాత్రాన బౌట్ వేళకు ఒళ్ళు పూర్తిగా కోలుకోదు.

అమెరికా హైస్కూల్ కుస్తీలో వారానికి 1.5 శాతానికి మించి తగ్గకూడదని నిబంధన ఉంది. అదీ కనీస బరువు ఎంతో పరీక్ష చేసి ఖాయం చేశాకే. ఆ కొలత ప్రకారం ఇతనికి వారానికి 800 గ్రాములు. 52 అందదు. 57కి మార్చేయండి.

రెఫరీ_కుర్చీ:
పై లెక్క సరైందే కానీ ‘57కి మార్చేయండి’ అన్నదానితో పూర్తిగా ఏకీభవించను. కళ్ళు బైర్లు కమ్ముతున్న పిల్లాడికి విభాగం మార్చితే సరిపోదు. ఇవాళ్టి నుంచే సాధన ఆపి డాక్టర్‌కు చూపించాలి. పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూడమనండి, రక్తహీనత ఉందేమో కూడా. డాక్టర్ సరేనంటేనే 57. లేదంటే ఈసారికి ఎంట్రీ వెనక్కి తీసుకోండి, కట్టిన ఫీజు పోతే పోనివ్వండి.

అసోసియేషన్‌తో ఫోన్లో మాట్లాడి వదిలేయకండి, ఇవాళే రాసి పంపండి. పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, ఇప్పటి విభాగం, కోరుతున్న విభాగం, తూచిన తేదీ, బరువు. అంతే. కళ్ళు తిరిగిన సంగతి అందులో రాయొద్దు, అది పిల్లాడి సొంత వైద్య విషయం. గడువు లోపల పంపిన మార్పుకు వాళ్ళు విసుక్కున్నా మీకు తప్పు రాదు. తూకం దగ్గర చూసీచూడనట్టు పోనివ్వమని మాత్రం ఎవర్నీ అడక్కండి. నిజంగా 52 లోపు తూగే పిల్లలు అవతలి మూలలో ఉంటారు, వాళ్ళ పట్ల కూడా మీకు బాధ్యత ఉంది.

నీళ్ళు పోయే మాత్రల మాట ఎవరైనా ఎత్తితే అక్కడికక్కడే తుంచేయండి. ఫ్యూరోసిమైడ్ లాంటి డైయూరెటిక్స్ ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ (వాడా) నిషేధ జాబితాలో ఉన్నాయి, పోటీ రోజునే కాదు, ఎప్పుడైనా. మైనర్‌కు వాటిని ఇచ్చిన కోచ్‌ది మరీ తీవ్రమైన ఉల్లంఘన కిందే లెక్క. చెమట పట్టించే ప్లాస్టిక్ సూట్ మాట ఎత్తినా అలాగే తుంచేయండి. 1997 చివర్లో అమెరికాలో ముగ్గురు కాలేజీ కుస్తీ కుర్రాళ్ళు ఇలా చెమట పట్టించి బరువు దించుకుంటూ చనిపోయారు. అక్కడి కాలేజీ కుస్తీలో ఆ సూట్లను, ఆవిరి గదులను నిషేధించింది ఆ తర్వాతే.

డోజో_అక్క:
ఇంట్లో చెప్పొద్దన్న మాట దగ్గర చాలామంది మాస్టార్లు తడబడతారు. రహస్యంగా ఉంచుతానని మాట ఇవ్వకండి. ‘నీ ఒంటికి ప్రమాదమున్న సంగతి నేను దాచలేను నాన్నా. ఎలా చెప్పాలో ఇద్దరం అనుకుందాం, నువ్వు పక్కనుండగానే చెబుతాను’ అనండి. అతనికి ముందు చెప్పి, ఆ సాయంత్రమే ఇంటివాళ్ళకు చెప్పాలి. మిగతా తల్లిదండ్రులు వినేలా గేటు దగ్గర వద్దు, కూర్చోబెట్టి మాట్లాడాలి. ఇంట్లో తిండి సంగతి ఎవరు చూస్తారో వాళ్ళు కూడా తప్పకుండా ఉండాలి.

తండ్రి భయం అబద్ధం కాదు, దాన్ని కొట్టిపారేయకండి. 54.3తో 57లోకి వెళితే 2.7 కిలోల తేడా ఉన్నవాడు ఎదురుకావచ్చు. కానీ నీరసించిన కాళ్ళతో 52లో నిలబడితే సాటి బరువున్నవాడి దెబ్బ నుంచి కూడా తప్పుకోలేడు. కాగితం మీద ఆ కేలరీల లెక్క వేసి చూపించండి. తప్పు ఆయనదేనన్న మాట మాత్రం మీ నోట రానివ్వకండి. సంతకం అంటారా, అది పోటీలో పాల్గొనడానికి అనుమతి. హాని జరుగుతుందని తెలిసీ చేయించడానికి కాదు, మీ బాధ్యత దానితో తీరదు.

మరో సంగతి. క్లబ్‌కు పతకం వస్తే కొత్తవాళ్ళు చేరతారన్న ఆశ కూడా ఈ లెక్కలో ఉందేమో మీకు మీరే చూసుకోండి. తండ్రితో కూర్చోబోయే ముందే దాన్ని పక్కన పెట్టాలి.

కుమితే_మాస్టర్:
మార్పు కోరుతూ రాసి పంపేశాను, రేపు డాక్టర్ దగ్గరికి. తండ్రి ఒప్పుకోక వేరే క్లబ్‌కు మార్చేస్తే?

డోజో_అక్క:
వెళ్ళనివ్వండి. బెల్టు సర్టిఫికెట్లు, గ్రేడింగ్ రికార్డు ఏదీ ఆపకండి. ఏం గమనించారు, సాధన ఎందుకు ఆపారు, డాక్టర్‌కు చూపించమని ఎప్పుడు చెప్పారు, ఇవి తేదీలతో రాసి తల్లిదండ్రులకు ఇచ్చి, ఒక ప్రతి మీ దగ్గర పెట్టుకోండి.

బరువు_లెక్క:
డాక్టర్ మాట ముందన్నది నిజమే, ఆ ముక్క నేను మొదటే రాయాల్సింది. వచ్చే పోటీల నుంచి ఎంట్రీ పంపే రోజున తూచి, ఆ అంకె ఏ విభాగంలో పడితే అందులోనే పంపండి. ఈ నియమాన్ని చేర్చుకునే ఫారంలోనే రాసిపెట్టండి. 14 ఏళ్ళవాడు రెండు నెలల్లో ఊరికే కిలో పెరుగుతాడు, హద్దుకు 500 గ్రాముల దగ్గర్లో ఉంటే పై విభాగమే మేలు. తూకం గదిలో ఒక్కొక్కర్నే పిలవండి, అంకెలు గోడ మీద అంటించకండి.