భస్మ బుధవారానికి ముందటి సాయంత్రం: మన సంఘంలో కార్నివాల్ జరపవచ్చునా?

పాతపట్నం సభ్యుడు:

అందరికీ ప్రభువు నామమున వందనములు. ఈస్టరుకు ముందటి నలభై దినాల ఉపవాసకాలమైన శ్రమకాలం మొదలయ్యే భస్మ బుధవారం ఈ సంవత్సరం (2026) ఫిబ్రవరి 18న వస్తున్నది. దాని ముందురోజు, అంటే 17వ తేదీ మంగళవారం సాయంత్రం, చర్చి ఆవరణలో రంగుదీపాలు, మాస్కులు, పాటల బృందం, తినుబండారాల దుకాణాలతో ‘కార్నివాల్ సాయంత్రం’ జరపాలని విశాఖపట్నంలోని మా సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) యవనస్తులు పాస్టరేట్ కమిటీకి వినతిపత్రం ఇచ్చారు. కమిటీలో కొందరు సరే అన్నారు, కొందరు కూడదన్నారు. పాస్టరు అయ్యగారు మాత్రం సంఘస్థుల మాట కూడా విందామని విషయాన్ని వాయిదా వేశారు. అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

నా అభిప్రాయాన్ని దాచుకోను. నేను దీనికి వ్యతిరేకిని. మా నాయనమ్మ ఆ మంగళవారం నాడు మాంసం వండే గిన్నెలను చింతపండు, పొయ్యి బూడిద పెట్టి తోమి, ఎండబెట్టి, అటక మీద బోర్లించేది. ఈస్టరు ఉదయం వరకు అవి కిందికి దిగేవి కావు. మా ఇంట శ్రమకాలానికి సిద్ధపాటు అంటే అంతే. ఆంగ్లికన్, అంటే ఇంగ్లండు చర్చి వారసత్వం అంటారా, 1662 నాటి ప్రార్థనాపుస్తకంలో ఈ బుధవారానికి ఒక ప్రత్యేక ఆరాధనక్రమం ఉన్నది. అందులో గురువు ద్వితీయోపదేశకాండము 27వ అధ్యాయాన్ని అనుసరించిన శాపవాక్యాలు చదువుతుంటే, సంఘం ఒక్కొక్క వాక్యానికీ ఆమేన్ అనాలి. మన పూర్వులు ఉపవాసకాలంలో అలా అడుగుపెట్టారు. టీవీలో గోవా కార్నివాల్ రాజు మోమో ఊరేగింపు చూసి, దానిని మన ఆవరణలోకి తెచ్చుకోవాలనుకోవడం నాకు మింగుడుపడటం లేదు.

యవనస్తుల కార్యదర్శి:

అన్నగారికి వందనాలు. వినతిపత్రం రాసినవారిలో నేనూ ఒకడిని కాబట్టి సమాధానం చెప్పవలసిన బాధ్యత నాది. మేము కోరుతున్నది గోవా ఊరేగింపు కాదు. ఇంగ్లండు చర్చిలో ఈ మంగళవారానికి ష్రోవ్ మంగళవారం అని పేరు. పాపపు ఒప్పుకోలు విని క్షమాపణ ప్రకటించడం అనే అర్థం ఉన్న పాత మాట నుండి ఆ పేరు వచ్చింది. ఆ రోజు చర్చి గంట మోగితే ఊరివారు ఒప్పుకోలుకు వెళ్లేవారు; ఉపవాసంలో నిషిద్ధమైన గుడ్లు, పాలు, వెన్న ఇంట్లో మిగిలిపోకుండా పిండిలో కలిపి అట్లు పోసుకునేవారు. ఓల్నీ అనే ఊళ్లో 1445లో ఒక ఇల్లాలు అట్టు పోస్తుండగా గంట వినబడి, పెనం చేతిలో ఉండగానే చర్చికి పరుగెత్తిందని అక్కడివారు చెప్పుకుంటారు. ఇప్పటికీ ఆ ఊరి స్త్రీలు ఆ రోజున పెనాలు పట్టుకుని 415 గజాలు పరుగెడతారు, పరుగు చర్చి దగ్గర ముగుస్తుంది. కార్నివాల్ అన్న మాటకు కూడా లాటిన్ మూలంలో మాంసాన్ని తీసివేయడమనే అర్థం చెబుతారు. మన యవనస్తులు ఈ నలభై దినాల కూడికలకు రావడం లేదని ప్రతి సంవత్సరం బాధపడేది పెద్దలే కదా. మొదటి సాయంత్రం సంతోషంగా పిలిస్తే వారు మరుసటి ఉదయం కూడా వస్తారన్నదే మా ఆశ.

పాతపట్నం సభ్యుడు:

తమ్ముడూ, కథ బాగున్నది. కాని అక్కడ అట్టుకు కారణం వెన్నకూ గుడ్లకూ ఉన్న నిషేధం. మన ఇళ్లలో శ్రమదినాలలో మాంసం మానతారు, కొందరు గుడ్డు కూడా మానతారు, నెయ్యిని మాత్రం ఎవరూ మానరు. కారణం లేని చోట ఆచారాన్ని మాత్రం తెచ్చిపెడితే అది వేడుకగానే మిగులుతుంది.

సండే స్కూల్ టీచర్, ఎం.వి.పి. కాలనీ:

ఇద్దరి మాటలూ చదివాను. మన సంఘాలలో కార్నివాల్ లేదన్న అభిప్రాయంతోనే ఇద్దరూ మాట్లాడుతున్నట్లు నాకు తోచింది. పేరు పెట్టలేదు గాని, అది మనకు ఎప్పటినుండో ఉన్నది. శ్రమకాలంలో పెళ్లిళ్లు చేయము కాబట్టి, దానికి ముందటి రెండు మూడు వారాలలో పెళ్లి విందులన్నీ ఒకదాని మీద ఒకటి వచ్చిపడతాయి. ఇక చివరి ఆదివారం సంగతి చెప్పనక్కరలేదు. ఆరాధన ముగిసీ ముగియగానే పూర్ణామార్కెట్ వైపు సంచులు పట్టుకుని బయలుదేరేది ఎవరు? ‘బుధవారం నుండి ముక్క ఉండదు’ అంటూ మధ్యాహ్నం బిర్యానీ, రాత్రికి వంజరం వేపుడు సిద్ధం చేసుకునేది మనమే. కార్తీకమాసం రాకముందు ఆదివారం మా పొరుగిళ్లవారు చేసేదీ ఇదే, కనుక ఇది పరదేశం నుండి వచ్చిన అలవాటని అనడానికి కూడా వీలు లేదు.

ఈ ఏడాది మరొక విశేషం ఉన్నది. మన చివరి ఆదివారం ఫిబ్రవరి 15, అదే మహాశివరాత్రి. మా అపార్టుమెంటులో ఎదురింటివారు ఆ రోజు పచ్చి గంగ ముట్టకుండా ఉపవాసం ఉండి, రాత్రి జాగారం చేసి, తెల్లవారి సముద్రస్నానానికి బీచ్‌కు వెళ్తారు. అదే రోజు మా వంటింటి కిటికీ నుండి మసాలా వాసన వారి గుమ్మంలోకి పోతుంది. నిరుడు పిల్లలకు ఉపవాసం గురించి పాఠం చెబుతుండగా ఒక పాప లేచి, “టీచర్, మనం మానేసే ముందు ఎందుకు అంత ఎక్కువ తింటాం?” అని అడిగింది. నా దగ్గర జవాబు లేక పాట అందుకున్నాను.

అందువల్ల నేను అడిగేది వేరు. ఇళ్లలో తలుపులు మూసుకుని ఎవరికివారు చేస్తున్న ఈ విందును సంఘం ఎదుటికి తెచ్చి, ప్రార్థనతో ముగిస్తే అది చెడ్డదా? గంట, ఒప్పుకోలు, అట్టు మూడూ కలిసి ఉన్నప్పుడే ఆ మంగళవారానికి అర్థం ఉన్నది. వినతిపత్రంలో దీపాల ఖర్చు ఉన్నది గాని ఒప్పుకోలు ప్రార్థన ఎక్కడ ఉన్నదో నాకు కనబడలేదు, తమ్ముడూ.

వాల్తేరు విశ్రాంత ఉపాధ్యాయుడు:

చర్చ ఇంగ్లండు చుట్టూ తిరుగుతున్నది. 1805లో జార్జ్ క్రాన్, ఆగస్టస్ డెస్ గ్రాంజెస్ అనే ఇద్దరు మిషనరీలు మన విశాఖపట్నానికి వచ్చి పని మొదలుపెట్టారు. వారు లండన్ మిషనరీ సొసైటీవారు. శ్రమకాలపు క్యాలెండరును నాటడానికి కాక, సువార్తను తెలుగులోకి తేవడానికి వచ్చారు. దినములను ఆచరించే విషయంలో ఎవరి మనస్సులో వారు నిశ్చయించుకోవాలని బైబిలులోని రోమా పత్రిక 14వ అధ్యాయం చెబుతున్నది. మీరు గౌరవిస్తున్న ఇంగ్లండు చర్చి కూడా సంస్కరణ కాలంలో, 1548లో, నుదుట బూడిద పెట్టే ఆచారాన్నే నిలిపివేసింది. బూడిదే వద్దన్నవారి పేరు చెప్పి బూడిదకు ముందు అట్లు కావాలనడం నాకు నవ్వు తెప్పిస్తున్నది.

సండే స్కూల్ టీచర్, ఎం.వి.పి. కాలనీ:

మాస్టారికి నమస్కారం. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు ఆంగ్లికనులు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంప్రదాయాలవారు తమతమ సొత్తును వదులుకోకుండానే ఒకటయ్యారు. మీరు చెప్పిన మిషను వారసత్వం, నేను పెరిగిన ప్రార్థనాపుస్తకపు వారసత్వం ఇప్పుడు ఒకే కప్పు కింద ఉన్నాయి. రోమా 14వ అధ్యాయం దినాన్ని ఆచరించని మిమ్మల్ని కాపాడినట్లే ఆచరించే మమ్మల్నీ కాపాడుతుంది. ఆగిపోయిన ఆచారాలు తిరిగి రావడం కూడా చరిత్రే. గత సంవత్సరం మీ నుదుటి మీదా బూడిద చూశాను, తప్పుగా అనుకోకండి.

రాస్ హిల్ పొరుగువాడు:

నేను కతోలిక సంఘస్థుడిని, పరాయివాడినని తోస్తే మన్నించండి. కార్నివాల్ మా నుండి వచ్చిందని ఇక్కడ కొందరి ఊహ. అది కతోలిక దేశాల వీధులలో పెరిగిన మాట నిజమే గాని, మా ఆరాధనక్రమంలో కార్నివాల్‌కు చోటు లేదు. ఈ కొండ మీది మేరీమాత గుడిలో మేము తపస్సుకాలాన్ని, అంటే మీరనే శ్రమకాలాన్ని, బుధవారపు బూడిదతోనే మొదలుపెడతాము.

పాతపట్నం సభ్యుడు:

టీచర్ గారి మాట నన్ను రెండు రోజులుగా వదలలేదు. మా నాయనమ్మ గిన్నెలు తోమిన మంగళవారానికి ముందు ఆదివారం, అదే గిన్నెలలో ఏమి వండిందో నాకు బాగా జ్ఞాపకమున్నది. అది చెప్పకుండా ఆమె నిష్ఠను మాత్రమే మీ ముందు పెట్టాను.

కాబట్టి నా మాటను కొంత సవరించుకుంటున్నాను. మన సంఘపు స్త్రీల కూటమి అయిన స్త్రీల మైత్రివారు బెల్లం అట్లు పోస్తే, టికెట్టు లేకుండా అందరికీ పెడితే, ఏడు గంటలకు గంట మోగించి లోపల ఒప్పుకోలు ప్రార్థన జరిపితే నేను వస్తాను, పిండి ఖర్చు కూడా భరిస్తాను. మాస్కులకు, మైకు పెట్టి వాయించే పాటలకు మాత్రం నేను ఒప్పుకోను. ‘కార్నివాల్’ అన్న పేరు కూడా వద్దు. మాటకు మూలం ఏదైనా, మన ఊళ్లో ఆ పేరు వినగానే జనానికి గుర్తొచ్చేది ఎగ్జిబిషన్ మైదానమే.

యవనస్తుల కార్యదర్శి:

ఒప్పుకోలు ప్రార్థన మా పత్రంలో లేకపోవడం మా లోపమే, దానిని చేరుస్తాము. టికెట్టు తీసివేయడానికి అభ్యంతరం లేదు. పాటల విషయంలో మాత్రం పట్టు వదలను. క్రిస్మస్‌కు వీధివీధికీ డప్పులతో తిరిగి పాడిన మేమే, ఈ సాయంత్రం గొంతు విప్పకూడదంటే మా స్నేహితులకు ఏమని చెప్పాలి? కమిటీలో మళ్లీ అడుగుతాము.

వాల్తేరు విశ్రాంత ఉపాధ్యాయుడు:

బూడిద నా నుదుట ఉన్న మాట నిజమే. మనుమరాలు చెయ్యి పట్టుకుని ముందుకు తీసుకువెళ్లింది. అట్లకు మాత్రం నన్ను పిలవవద్దు, షుగరు ఉన్నది.

చర్చి పరిచారకుడు:

పెద్దలు ఏ నిర్ణయానికి వచ్చినా బుధవారం ఉదయానికి మట్టలు కాల్చి బూడిద నేనే సిద్ధం చేయాలి. నిరుడు ఈస్టరుకు ముందటి ఆదివారమైన మట్టలాదివారం నాడు ఇంటికి తీసుకువెళ్లిన మట్టలను పటాల వెనుక, గుమ్మాల మీద దాచుకున్నవారు 15వ తేదీ ఆరాధనకు వచ్చేటప్పుడు తెచ్చి, వెస్ట్రీ గది పక్కనున్న బుట్టలో వేయవలసిందిగా కోరుతున్నాను. బాగా ఎండినవి కావాలి. పోయిన ఏడాది కొందరు పచ్చివి తెచ్చారు, పొగ తప్ప బూడిద రాలేదు.