కొత్త కారు కొటేషన్‌లో ఇవన్నీ నిజంగా కట్టాల్నా?

ప్రశ్న: అన్నలూ నమస్తే, మాది కరీంనగర్. నాన్నకి మోకాళ్ల నొప్పులు, ఎక్కిదిగడానికి ఈజీగా ఉంటదని టాటా పంచ్ పెట్రోలా, హ్యుందాయ్ ఎక్స్‌టరా అని చూస్తున్నం, ఇంకా తేల్చుకోలే. ఎక్స్ షోరూమ్ రేటు, లైఫ్ ట్యాక్స్ అర్థమైనయి గానీ ఇన్సూరెన్స్ షోరూమ్ వాళ్ల దగ్గరే తీసుకోవాలంట, పైనుంచి హ్యాండ్లింగ్ చార్జీలు, యాక్సెసరీస్ ప్యాక్ కంపల్సరీ అంటున్నరు. ఏం చేయాలె?

రిప్లై 1: హ్యాండ్లింగ్ చార్జీలు తీసేయమని గట్టిగా అడుగు తమ్ముడూ, ప్యాక్ కూడా అక్కర్లేదు, మ్యాట్లు, సీట్ కవర్లు బయట చాలా తక్కువకే దొరుకుతయ్. ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గరే తీసుకోవాలని రూల్ లేదు. కొత్త కారుకి థర్డ్ పార్టీ (ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి) 3 ఏళ్లకి తప్పనిసరి, ఓన్ డ్యామేజ్ (మన బండి నష్టానికి) ఏడాదికి చాలు. అదే ఐడీవీ (ఇన్సూరెన్స్‌లో బండికి కట్టే విలువ), జీరో డెప్‌తో (పార్టుల తరుగుదల కోయకుండా క్లెయిమ్ ఇచ్చేది) బయట కోట్ తీసి చూపించు, చాలాసార్లు వాళ్లే దిగొస్తరు.

రిప్లై 2: రేటు సంగతి సరే, రిజిస్ట్రేషన్‌కి ముందే పగటిపూట వెళ్లి బండి చూసుకోండి బ్రదర్, ఒకసారి మీ పేరు మీదకి వచ్చేశాక గీత కనపడినా మార్చి ఇవ్వడం కష్టం. ఛాసిస్ నంబర్ బట్టి ఏ నెలలో తయారైందో అడగండి. టైరు మీద 2325 అని ఉంటే 2025లో 23వ వారం అన్నమాట. ముఖ్యంగా నాన్నగారిని తీసుకెళ్లి, ముందు సీట్లో, వెనక సీట్లో రెండుసార్లు ఎక్కించి దించి చూడండి, ఆయన ఏది బాగుందంటే అదే తీసుకోండి.

రిప్లై 3: ఎక్స్ షోరూమ్ 10 లక్షలు దాటితే 1 శాతం టీసీఎస్ (అమ్మేటప్పుడే వసూలు చేసే ఇన్‌కమ్ ట్యాక్స్) వేస్తరు, అది ఐటీ రిటర్న్‌లో క్లెయిమ్ చేసుకోవచ్చు, బిల్లు జాగ్రత్తగా పెట్టుకో.