సెరోవే పల్లెనా, పట్నమా? తెలుగులో ఏమని రాయాలి?

గబొరోనే నుంచి:
గ్రూపులో పెద్దలకు నమస్కారం. బోట్స్వానా రాజధాని గబొరోనేలో ఏడేళ్ళుగా ఉంటున్నా. పోయిన వారం మా ఆఫీసులో ఒకతని పెళ్ళికి సెరోవే వెళ్ళొచ్చాం. ఆ ముచ్చట తెలుగులో రాద్దామని కూర్చుంటే మొదటి వాక్యంలోనే బండి ఆగిపోయింది. ఇక్కడ అందరూ సెరోవేని ‘విలేజ్’ అంటారు, ప్రభుత్వ కాగితాల్లోనూ అంతే. 2011 జనగణనలోనే అక్కడి జనం 50 వేలు దాటారు. పెద్దాసుపత్రి ఉంది, సూపర్‌మార్కెట్లు ఉన్నాయి. ‘పల్లెటూరు’ అని రాస్తే మా అమ్మ నాలుగు పూరిళ్ళూ ఒక చెరువూ ఊహించుకుంటుంది. పట్టణం అందామంటే అక్కడివాళ్ళే అలా అనరు. ఏం చేయమంటారు?

విశాఖ:
‘మేజర్ గ్రామపంచాయతీ’ అని రాసేయండి, గొడవ వదిలిపోతుంది :)

పాలమూరు మాష్టారు:
ముందు ఒకటి చెప్పండి. వాళ్ళు విలేజ్ అనేది జనం లెక్క చూసా, భూమి లెక్క చూసా?

గబొరోనే నుంచి:
నాకు అర్థమైనంతలో భూమి లెక్కే ఎక్కువ మాష్టారూ. సెరోవే బంగ్వాటో తెగ ఉమ్మడి భూమి. అక్కడ ఇంటికి ఖాళీ జాగా కావాలంటే ల్యాండ్ బోర్డుకి అర్జీ పెట్టుకోవాలి, వాళ్ళు కేటాయిస్తారు. 1970కి ముందు ఈ పని తెగ పెద్ద, అంటే ‘ఖోసి’ చూసేవాడు. సెరోవేకన్నా పెద్దది మొలెపొలోలే, అదీ విలేజే. ఇలాంటి విలేజ్‌కి ఇక్కడి సెత్స్వానా భాషలో మాట ‘మొత్సే’.
పాత పద్ధతిలో ఒక్కో కుటుంబానికి మూడు చోట్లు. మొత్సేలో ఇల్లు, ‘మాసిమో’ అంటే చేలు, ‘మొరాకా’ అంటే దూరంగా పశువుల మంద ఉండే చోటు. వానలు మొదలైతే చేల దగ్గరికి పోయి, కోతలయ్యాక మళ్ళీ మొత్సేకి వచ్చేవారు. పెళ్ళికొడుకు తాత పెళ్ళికి కూడా మొరాకా నుంచే వచ్చాడు. మర్నాడు పొద్దున్నే వెళ్ళిపోయాడు, ఆవుల్ని ఎవరు చూస్తారని.

పాలమూరు మాష్టారు:
అయితే ‘ఊరు’ అని రాయండి, నిశ్చింతగా. గ్రామం రికార్డుల మాట. పల్లె అంటే చిన్నదనే. ఊరికి మాత్రం కొలత లేదు. హైదరాబాదులో పుట్టి పెరిగినవాణ్ణీ ‘మీదే ఊరు?’ అనే అడుగుతాం. నెల్లూరు, గుంటూరు ఎంత పెరిగినా పేరులో ఊరు అలాగే ఉంది. ఇంకో సంగతి, ఊరంటే నేల మాత్రమే కాదు, జనం కూడా. ‘ఊరంతా గుప్పుమంది’ అన్నప్పుడు గుప్పుమన్నది నేల కాదుగా!

గబొరోనే నుంచి:
భలే చెప్పారు. సెరోవే కథ కూడా అదే. బంగ్వాటోల రాజధాని ఒకప్పుడు షొషోంగ్. 1889లో అక్కణ్ణుంచి పాత పలాప్యేకి మారారు. అక్కడా నీళ్ళకి కటకట రావడంతో 1902లో అప్పటి ఖోసి మూడో ఖామా జనాన్నంతా సెరోవేకి తీసుకొచ్చాడు. ఒక రకంగా నడిచొచ్చిన ఊరు. వాడలన్నీ పెద్ద ‘ఖోట్లా’ చుట్టూ కుదురుకున్నాయి. అన్నట్టు ఖోట్లాకి రచ్చబండ అని రాసుకున్నా. సరేనా?

పాలమూరు మాష్టారు:
అది ఎలా ఉంటుందో చెబితేగానీ చెప్పలేను.

గబొరోనే నుంచి:
నిలువు దుంగలు పక్కపక్కన పాతి, గుర్రపు నాడా ఆకారంలో కట్టిన ఆవరణ. అదే సభ, అదే కోర్టు. వాడని కూడా ఖోట్లా అనే అంటారు. ఖోసి పదవికి వారసుడైన సెరెట్సే ఖామా 1948లో లండన్‌లో రూత్ విలియమ్స్ అనే ఇంగ్లీషు అమ్మాయిని పెళ్ళాడినప్పుడు, అతని బదులు పాలన చూస్తున్న చిన్నాన్న త్షెకెడి ససేమిరా అన్నాడు. 1949 జూన్‌లో సెరోవే ఖోట్లాలో రోజుల తరబడి వాదనలయ్యాక, వేలమంది లేచి నిలబడి సెరెట్సే పక్షమన్నారు. తర్వాత బ్రిటిషువాళ్ళు ఆయన్ని దేశం దాటించారనుకోండి. 1966లో స్వతంత్ర బోట్స్వానాకి మొదటి అధ్యక్షుడు ఆయనే.

విశాఖ:
గుండ్రంగా దుంగల గోడ అంటున్నారు కదా, అది మన ‘కోట’ కాదూ?

గబొరోనే నుంచి:
నవ్వకండి, సెరోవే వైపు యాసలో ‘ట్ల’ పలకరు. నిజంగానే ‘ఖోటా’ అంటారు!

పాలమూరు మాష్టారు:
ధ్వని కలిసినంత మాత్రాన చుట్టరికం కలపకండి బాబూ, ఈ గ్రూపులో సగం తగాదాలు దాంతోనే. రచ్చబండ మాత్రం వద్దనే నా మాట. రచ్చ అనేది సంస్కృతం ‘రథ్య’ నుంచి వచ్చింది, అంటే వీధి. ‘ఇంట గెలిచి రచ్చ గెలువు’ నాటికి అది సభే. ఇప్పటి పిల్లలకి రచ్చంటే గోల. వేలమంది వంతులవారీగా మాట్లాడిన చోటుకి ఆ పేరెందుకు? ఖోట్లా అనే ఉంచి, మొదటిసారి మాత్రం ‘ఊరి సభ’ అని పక్కన రాయండి.

గబొరోనే నుంచి:
వాళ్ళ సామెత ఒకటుంది: ‘మాఫోకో ఆ ఖోట్లా ఆ మాంట్లే ఓట్లే’. ఖోట్లాలో పలికిన మాటలన్నీ మంచివే అని. ఎంత చేదు మాటైనా అక్కడ అననివ్వాలట. మీరన్నట్టే చేస్తాను.

నెల్లూరు నుంచి:
అన్నా, ఇళ్ళ గురించి ఏమీ చెప్పలేదే?

గబొరోనే నుంచి:
పాత ఇళ్ళకి ముందు నడుమెత్తు మట్టిగోడతో ముంగిలి ఉంటుందమ్మా, ‘లోల్వాపా’ అంటారు. కుటుంబాన్ని కూడా అదే మాటతో పిలుస్తారు. నేను దానికి ‘లోగిలి’ అని రాశా. ఈ ఒక్కదానికి ఎవరినీ అడగను. పెళ్ళివారింట్లో ఒక పెద్దావిడ మోకాళ్ళ మీద కూచుని, పేడా మట్టీ కలిపి నేల అలుకుతోంది. తడి ఆరకముందే నాలుగు వేళ్ళతో అలలు అలలుగా గీతలు లాగింది, చెయ్యి ఎక్కడా ఆగలేదు. మా అమ్మకి వీడియో కాల్‌లో చూపించా. ఊరు పెద్దదా చిన్నదా అని అడగనే లేదు. ‘ఆ మట్టి ఎర్రమట్టా, పాటిమట్టా కనుక్కో’ అంది. ఇంకా కనుక్కోవాలి.