కీలుబొమ్మలో కీలు, కీలుగుర్రంలో కీలు

‘కీలుబొమ్మ అంటే తిట్టు. కీలుగుర్రం అంటే మాత్రం పిల్లలు కథ ఆపనివ్వరు. రెండింట్లోనూ ఉన్నది ఒకటే కీలు కదా, ఎందుకీ తేడా?’ అని దేవరకొండ తమ్ముడొకరు నిన్న అడిగారు. మంచి ప్రశ్న, నిద్ర పట్టనివ్వలేదు.

తమ్ముడూ, సంస్కృతంలో కీలం అంటే మేకు. పంచతంత్రంలో సగం కోసిన దూలం మీద కూర్చున్న కోతి పీకి చచ్చింది దాన్నే. తెలుగులో కీలు అయ్యాక మోకాలి దగ్గరా అదే మాట, యంత్రం తిప్పే మరకూ అదే మాట. ‘కీలెరిగి వాత పెట్టాలి’ అంటాం కదా, అక్కడైతే మర్మం ఉన్న చోటే కీలు.

ఇక గుర్రం. అరబ్బీ కథల ‘వెయ్యిన్నొక్క రాత్రుల్లో’ నల్లచేవ (ఎబొనీ) చెట్టు కర్రతో చేసిన గుర్రం ఒకటుంది. (ఆ చెట్టు మన అచ్చంపేట అడవుల్లో బీడీ ఆకు కోసే తునికికి దగ్గరి చుట్టమే!) పారశీక రాజు కొడుకు దాన్నెక్కి కుడి భుజం మీది కీలు తిప్పుతాడు. గుర్రం లేస్తుంది, లేస్తూనే ఉంటుంది. దిగడం ఎట్లాగో అతనికి ఎవరూ చెప్పలేదు. కింద ఊళ్లు కనబడకుండా పోతుంటే టెన్షన్‌తో గుర్రం ఒళ్లంతా తడుముతాడు. ఎడమ భుజం దగ్గర రెండో కీలు చేతికి తగులుతుంది. ఆ కథలో నాకు ప్రాణం ఆ తడుములాటే. అప్పటిదాకా అతనూ కీలుబొమ్మే. ఆ రెండోది దొరికాకే రౌతు అయ్యాడు.

బొమ్మ కీలు ఎప్పుడూ ఆడించేవాడి చేతిలోనే ఉంటుంది. గుర్రం కీలు ఎక్కినవాడికి అందుతుంది, వెతుక్కుంటే. అందుకే ఒకటి తిట్టయింది, ఇంకొకటి కోరిక అయిందని నా నమ్మకం. 1949లో అక్కినేని, అంజలీదేవి నటించిన సినిమాకూ ‘కీలుగుర్రం’ అనే పేరు పెట్టారంటే ఆ మాట జనం నోట్లో ఎంత నానిందో చూడండి.

కల్వకుర్తి అక్క ఒకరు రాసిన మాట కూడా ఇక్కడే పెడుతున్నా:

‘మా నాయనది వడ్లపని (వడ్రంగం). మా తమ్మునికి కర్రగుర్రం చేసి, మెడకు అటొకటి ఇటొకటి మేకులు కొట్టిండు. ఒకటి సాలదా నాయనా అంటే, ఎక్కినోడు దిగొద్దా బిడ్డా అన్నడు.’