20 శాతం ఆల్టర్నేటివ్స్‌లో పెట్టడం సబబేనా? నా షీట్ చూసి చెప్పండి

సిరిచుక్క:
అందరికీ నమస్కారం. నా మదుపులో 65 శాతం షేర్ల ఇండెక్స్ ఫండ్లు (సూచీని అనుసరించేవి), 35 శాతం బాండ్ ఫండ్లు. షేర్లు పడితే బాండ్లు కాస్తాయన్న ధైర్యంతో ఇన్నేళ్లు నడిపాను. 2022లో ఆ ధైర్యం పోయింది. అమెరికా లెక్కే చూస్తే ఆ ఏడాది అక్కడి షేర్ల సూచీ ఎస్ అండ్ పీ 500 దాదాపు 18 శాతం, అక్కడి బాండ్ల ప్రధాన సూచీ 13 శాతం పడ్డాయి. వడ్డీ రేట్లు అంత వేగంగా పెరిగితే రెండింటికీ దెబ్బేనని అప్పుడు అర్థమైంది.

అందుకే 20 శాతం ఆల్టర్నేటివ్స్‌కి, అంటే మామూలు షేర్లూ బాండ్లూ కాని వాటికి పక్కకు తీసి బంగారానికి 7, లిస్ట్ కాని (స్టాక్ ఎక్స్ఛేంజీలో కొని అమ్మలేని) రియల్ ఎస్టేట్ ఫండ్‌కి 8, ప్రైవేట్ క్రెడిట్‌కి (కంపెనీలకు ఫండ్లు నేరుగా ఇచ్చే అప్పు) 5 ఇద్దామని షీట్ వేసుకున్నాను. ఒడుదొడుకుల కాలమ్‌లో (ఏడాదిలో విలువ ఎంత అటూ ఇటూ ఊగుతుందన్నది) షేర్లకు 16 శాతం వచ్చింది, బాండ్లకు 6, రియల్ ఎస్టేట్ ఫండ్‌కి 4. షేర్లతో దాని కోరిలేషన్ (రెండూ కలిసి కదిలే తీరు) 0.1. అంటే షేర్లు ఎటు పోయినా దానికి పట్టదన్నమాట. ఇది చూశాక 8 ఏం సరిపోతుంది, 15 పెట్టాలనిపిస్తోంది. తప్పుంటే చెప్పండి.

నిక్కచ్చి:
తప్పు ఆ 4 దగ్గరే ఉందండి. షేరు ధరను రోజూ కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ తేలుస్తారు. ఆ ఫండ్‌లో ఉన్న భవనం ధరను నెలకో మూడు నెలలకో ఒక వాల్యుయర్ పాత అమ్మకాలు చూసి, పోయినసారి వేసిన అంకెకు కాస్త అటూ ఇటూగా వేస్తాడు. అంకె కదలకపోతే విలువ కూడా కదల్లేదని ఎలా నమ్ముతాం? అలాంటి భవనాలే ఉన్న లిస్టెడ్ రీట్లు (ఎక్స్ఛేంజీలో షేర్లలా కొని అమ్మే రియల్ ఎస్టేట్ ఫండ్లు) అమెరికాలో 2008లో దాదాపు 38 శాతం పడ్డాయి. ఎస్ అండ్ పీ 500 ఆ ఏడాది డివిడెండ్లు కలుపుకున్నా 37 శాతం పడింది. ఇంక 0.1 ఎక్కడ?

ఆ గడిలో 4 తీసేసి లిస్టెడ్ రీట్ల అంకె వేసి మళ్లీ లెక్క కట్టండి. 15 పెట్టాలన్న కోరిక దానంతటదే తగ్గుతుంది.

నెమ్మదస్తుడు:
నిక్కచ్చి గారూ, 2008లో ఆ భవనాల అద్దె 38 శాతం తగ్గిందా? లోపల ఉన్న కంపెనీలు 38 శాతం ఖాళీ చేశాయా? జనం భయపడి తెగనమ్ముకుంటే పడిన ధరను మీరు అసలు విలువ అంటున్నారు. ఏళ్ల తరబడి లీజు ఉన్న ఆస్తికి రోజూ ధర చూడాల్సిన పనేముంది? నేను పన్నెండేళ్లుగా ఇలాంటి ఫండ్‌లో ఉన్నాను. రాత్రి నిద్ర పడుతుంది.

అమెరికాలోని యేల్ యూనివర్సిటీ నిధిని డేవిడ్ స్వెన్సన్ 1985 నుంచి 2021లో చనిపోయేదాకా నడిపింది ఈ పద్ధతిలోనే. ప్రైవేట్ ఈక్విటీ, రియల్ ఎస్టేట్, అడవులు. పెద్దవాళ్లకు పనికొచ్చింది మనకెందుకు పనికిరాదు?

బంగారుపాప:
బంగారం చాలండీ. మిగతావన్నీ తలనొప్పి.

నిక్కచ్చి:
బంగారుపాప గారూ, బంగారం ఉండాలి, ఒప్పుకుంటాను. 2008లో షేర్లు కుప్పకూలినప్పుడు అది లాభంతోనే ముగిసింది. కానీ 1980 జనవరిలో ఔన్సు 850 డాలర్లకు కొన్నవాళ్లు 1999లో 250 దగ్గర చూశారు. మళ్లీ 850 కనబడింది 2008లో. ఇరవై ఎనిమిదేళ్లు, మధ్యలో పెరిగిన ధరల మాట కలపకుండానే. అందుకే 7 శాతం సబబు, 30 అయితే కాదు.

నెమ్మదస్తుడు గారూ, స్వెన్సన్ పేరు ఎత్తారు కాబట్టి చెబుతున్నాను. మామూలు మదుపరుల కోసం 2005లో రాసినప్పుడు ఆయన యేల్ పద్ధతిని అనుసరించమనలేదు. ఖర్చు తక్కువున్న ఇండెక్స్ ఫండ్లు పెట్టుకోమన్నాడు. మేలైన మేనేజర్లను వెతికి పట్టడానికి యేల్‌కి ఒక ఆఫీసు నిండా మనుషులున్నారు. మనకెవరున్నారు?

నెమ్మదస్తుడు:
ఆ పుస్తకంలో ఆయన 20 శాతం రియల్ ఎస్టేట్ పెట్టమన్న సంగతి మాత్రం వదిలేశారు.

నిక్కచ్చి:
లిస్టెడ్ రీట్లు. ఏ రోజైనా అమ్ముకోగలిగినవి. చర్చంతా దాని మీదే కదా.

లెక్కలపిచ్చి:
ఫీజుల గురించి ఎవరూ మాట్లాడటం లేదేంటి? హెడ్జ్ ఫండ్లలో (పెద్ద మదుపరుల డబ్బును మేనేజర్లు రకరకాల ఎత్తుగడలతో తిప్పేవి) ఏటా 2 శాతం, లాభంలో 20 శాతం అన్నది ఎప్పటి నుంచో ఉన్న ఆనవాయితీ. ఇండెక్స్ ఫండే హెడ్జ్ ఫండ్లను మించుతుందని 2008 నుంచి 2017 దాకా పదేళ్లకు అమెరికా మదుపరి వారెన్ బఫెట్ వేసిన పందెం గుర్తుందా? ఇండెక్స్ ఫండ్ ఏడాదికి 8.5 శాతం ఇచ్చింది. ఎదుటివాళ్లు ఎంచుకున్న ఐదు హెడ్జ్ ఫండ్ల సముదాయాలు సగటున దాదాపు 3. లాభమంతా రుసుములకే పోయాక డైవర్సిఫికేషన్ (డబ్బు పలుచోట్ల పంచి పెట్టడం) ఏం చేసుకోను?

సిరిచుక్క:
నేను హెడ్జ్ ఫండ్ల గురించి అడగలేదండీ. నిక్కచ్చి గారూ, మీరు చెప్పినట్టే రీట్ల అంకె వేసి చూశాను. మొత్తం మీద ఒడుదొడుకులు తగ్గడం దాదాపు ఆగిపోయింది. కానీ నెమ్మదస్తుడు గారి మాట కూడా కొట్టిపారేయలేకపోతున్నాను. రోజూ ధర కనబడకపోతే నాకూ టెన్షన్ తగ్గుతుంది కదా.

నిక్కచ్చి:
కనబడకపోతే లేనట్టా? కొలవకపోతే జ్వరం లేనట్టేనా? ప్రైవేట్ క్రెడిట్ కూడా అంతే. బ్యాంకుల నుంచి కాకుండా ఫండ్ల నుంచి నేరుగా అప్పు తెచ్చుకునే కంపెనీలకు మీరు ఇచ్చే డబ్బది. మాంద్యం వస్తే షేర్లు పడేదీ, ఆ కంపెనీలు వాయిదాలు ఎగ్గొట్టేదీ ఒకే సమయంలో. కోరిలేషన్ కాలమ్ ఆ రోజుకు పనికిరాదు.

నెమ్మదస్తుడు:
మీరు పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ఆ 4 పట్టుకుని వదలరు. పన్నెండేళ్లలో నాకు ఒక్క ఏడాది కూడా నష్టం రాలేదు. అది అనుభవం. మీది అంకెల గారడీ. ఈ ఫండ్లలో ఒక్కసారైనా డబ్బు పెట్టి చూశారా, లేక చదివి మాట్లాడుతున్నారా?

దారినపోయే:
మెల్లగా అండీ ఇద్దరూ.

నిక్కచ్చి:
పెట్టాను. అడిగారు కాబట్టి చెబుతాను.

నా మదుపులో మూడో వంతు అలాంటి ఫండ్‌లోనే ఉండేది, పేరు అనవసరం. మా అమ్మకు గుండె ఆపరేషన్ అన్నారు. విత్‌డ్రాయల్ ఫారం పంపితే మూడు వారాలకు జవాబు వచ్చింది. ఒక త్రైమాసికంలో మొత్తం ఫండ్ విలువలో 5 శాతం మించి తిరిగి ఇవ్వరట, కోరికలు అంతకు మించిపోయాయి కాబట్టి అందరికీ వంతులవారీగా ఇస్తారట. నేను అడిగిన దాంట్లో ఏడో వంతు వచ్చింది. అదే కాగితం పైన నా యూనిట్ విలువ గీత పెట్టి మరీ రాసి ఉంది. పోయిన త్రైమాసికం కంటే పైసా తగ్గలేదు. ఆస్పత్రి బిల్లుల కౌంటర్ దగ్గర నిలబడి ఆ అంకె చూశాను. మా చెల్లి నగలు తాకట్టు పెడితే ఆపరేషన్ అయింది. అమ్మ బాగానే ఉంది. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

ఇదేదో నా ఒక్కదాని ఖర్మ కాదు. అమెరికా మదుపు సంస్థ బ్లాక్‌స్టోన్ వాళ్ల పెద్ద రియల్ ఎస్టేట్ ఫండ్ బీరీట్‌లో 2022 చివర్లో ఇలాంటి పరిమితే అడ్డొచ్చింది. అడిగినవాళ్లందరికీ పూర్తిగా ఇవ్వగలిగింది 2024 ఫిబ్రవరిలో. అమ్ముకోలేని ధర ధర ఎలా అవుతుందండీ? అందుకే ఆ 4 పట్టుకుని వదలను.

బంగారుపాప:
అమ్మగారు బాగున్నారు, అంతే చాలు.

నెమ్మదస్తుడు:
నిక్కచ్చి గారూ, చదివారా అని నోరు జారాను. క్షమించండి.

నేనూ ఒక మాట దాచాను. 2020 ఫిబ్రవరి, మార్చి నెలల్లో అమెరికా షేర్లు ఐదు వారాల్లో 34 శాతం పడ్డాయి. నేను రాత్రి రెండింటికి లేచి ఫోన్‌లో అంకెలు చూసేవాణ్ణి. మార్చి మూడో వారంలో ఒక రాత్రి ఉన్న షేర్లన్నీ అమ్మకానికి పెట్టేశాను. ఆగస్టుకల్లా ఎస్ అండ్ పీ 500 పాత గరిష్ఠానికి చేరింది. నేను బయటే ఉండిపోయాను, తిరిగి కొనే ధైర్యం ఏడాదిన్నర దాకా రాలేదు. నా చేతిలో మిగిలిందల్లా ఆ లాకిన్ ఫండే. దాన్నీ అమ్మేసేవాణ్ణి, వీలుకాక ఆగాను. నాకు అది తాళం. ఆ తాళం లేకపోతే నన్ను నేను నమ్మలేను. మీ లెక్క తప్పని ఏనాడూ అనుకోలేదు.

నిక్కచ్చి:
ఈ మాట మొదటే చెప్పి ఉంటే ఇంత గొడవ ఉండేది కాదు. తాళానికి ఫీజు కడుతున్నానని మీకు తెలిసి కడితే నాకు పేచీ లేదు. కానీ సిరిచుక్క గారికి మీరు చెప్పింది ఒడుదొడుకులు లేని ఆస్తి అని. ఆవిడకు ఆ తాళం అవసరమో కాదో మనలో ఎవరమూ అడగలేదు.

నెమ్మదస్తుడు:
అడగలేదు, నిజమే. అయినా కొందరికి తాళం ఉండాలనే అంటాను. చేతికందే డబ్బు భయంలో చేతులారా పోగొట్టుకునేవాళ్లే ఎక్కువ.

నిక్కచ్చి:
నేను ఒప్పుకోను. చేతికందని డబ్బు అవసరంలో ఎందుకూ కొరగాదు.

సిరిచుక్క:
ఇద్దరికీ నమస్కారం. రాత్రి కూర్చుని నా పాత లావాదేవీల స్టేట్‌మెంట్లు తీశాను. 2020 మార్చిలో ఏమీ అమ్మలేదు, నెలవారీ వాయిదా కూడా ఆపలేదు. 2022లోనూ అంతే. భయపడ్డాను గానీ చెయ్యి వెయ్యలేదు. మూడేళ్లలో పాప చదువుకు పెద్ద మొత్తం కావాలి, అది ఈ లెక్కలో నేను విడిగా తీసి పెట్టనేలేదు. ముందు దాన్ని తక్కువ కాలపరిమితి బాండ్లలోకి మారుస్తున్నాను. బంగారం 7 ఉంచుతాను. ప్రైవేట్ క్రెడిట్ తీసేశాను. రియల్ ఎస్టేట్‌కి లిస్టెడ్ రీట్లు 5.

నెమ్మదస్తుడు గారూ, మీ తాళం మాట మా ఆయనకు చెప్పాను. ఆయన 2020లో నాకు తెలియకుండా తన ఖాతా మొత్తం అమ్మేశాడని అప్పుడు బయటపడింది. ఆయన షీట్ వేరుగా వేయాలి.

నెమ్మదస్తుడు:
ఆయన్ని ఏమీ అనకండమ్మా. ఇక్కడికి రమ్మనండి, నేను మాట్లాడతాను.

నిక్కచ్చి:
ఆయన షీట్‌లో మాత్రం 4 వేయకండి.