చెరువు అడుగున నిద్రించేవాడి కోసం ర్‌ల్యే భాషలో ఒక వాక్యం కావాలి

ప్రశ్న (తిరుపతి నుంచి):

పెద్దలకు నమస్కారం. మా కళాశాల నాటక బృందం ఎండిపోయిన ఊరిచెరువు చుట్టూ అల్లిన ఒక భయానక నాటకాన్ని సిద్ధం చేస్తున్నది. చివరి రంగంలో బృందగానంగా "చెరువు అడుగున నిద్రించేవాడు మేలుకొన్నాడు" అన్న మాటను అమెరికన్ భయానక కథారచయిత హెచ్. పి. లవ్‌క్రాఫ్ట్ కథల్లోని ర్‌ల్యే భాషలో పలికించాలని నా కోరిక. నాకు దొరికిన పదాల పట్టికలు ఒకదానితో ఒకటి పొసగడం లేదు. ఒకే మాటకు రెండు చోట్ల రెండు అర్థాలు కనిపిస్తున్నాయి. నమ్మదగిన నిఘంటువు గానీ వ్యాకరణం గానీ ఉంటే దయచేసి తెలుపగలరు.

జవాబు (చిత్తూరు నుంచి):

మీరు వెతుకుతున్న నిఘంటువును లవ్‌క్రాఫ్ట్ రాయలేదు. స్టార్ ట్రెక్ చిత్రాల్లోని క్లింగాన్ భాషకు దాన్ని రూపొందించిన మార్క్ ఓక్రాండే 1985లో నిఘంటువు వెలువరించారు గనుక అందులోకి అనువాదం చేయవచ్చు. ర్‌ల్యే భాషకు ఉన్నదల్లా కథల్లో చెదురుమదురుగా వచ్చే కొన్ని మంత్రవాక్యాలే. వాటిలో అర్థంతో సహా మనకు అందిన పూర్తి వాక్యం, 1928 ఫిబ్రవరిలో వియర్డ్ టేల్స్ పత్రికలో అచ్చయిన 'ది కాల్ ఆఫ్ క్తుల్హూ' కథలోనిది: "ఫ్‌న్‌గ్లుయీ మ్‌గ్లూనాఫ్ క్తుల్హూ ర్‌ల్యే వ్‌గానాగ్ల్ ఫ్‌తాగ్న్". "ర్‌ల్యేలోని తన ఇంట మృత క్తుల్హూ కలలు కంటూ వేచి ఉన్నాడు" అన్నది దాని భావం; క్తుల్హూ సముద్రగర్భంలో నిద్రించే రాక్షస దైవం, ర్‌ల్యే అతడు పడి ఉన్న మునిగిపోయిన నగరం.

ఆ భావమైనా ఎలా తెలిసిందో కథలో ఒకసారి జాగ్రత్తగా చూడండి. పట్టుబడిన ఖైదీలు, తమకు వయసు మళ్లిన ఉపాసకులు చెప్పిన అర్థాన్ని పోలీసు అధికారికి తిరిగి చెప్పారు. మాట ఎక్కడ ముగిసిందన్నది కూడా గొంతెత్తి పలికేటప్పుడు వచ్చే ఆనవాయితీ విరుపులను బట్టి ఊహించినదేనని కథకుడే అంటాడు. అంటే మన చేతిలో ఉన్నది వేదం విషయంలో చెప్పినట్టు సంహితా పాఠమే (మాటలు కలిపి పలికేదే) గాని పదపాఠం (మాట మాటా విడదీసినది) కాదు. క్తుల్హూ, ర్‌ల్యే అన్నవి పేర్లు. "క్తుల్హూ ఫ్‌తాగ్న్" అని విడిగా కూడా వినిపిస్తుంది కాబట్టి ఫ్‌తాగ్న్ అన్నది నిద్రకో, కలకో, ఎదురుచూపుకో చెందిన మాట అయి ఉండాలి. మిగిలిన మూడు మాటల్లో ఏది మృతి, ఏది ఇల్లు అన్నది ఎవరి ఊహ వారిది. మీ పట్టికలు పొసగకపోవడానికి కారణం ఇదే. పట్టికలోని ప్రతి మాటా మూల కథల్లో ఉందో లేదో చూసి, లేనిదాన్ని తరువాతి అభిమానుల కల్పనగా పక్కన పెట్టండి.

మూలానికి పుణేలో పుట్టిన లవ్‌క్రాఫ్ట్ పరిశోధకుడు ఎస్. టి. జోషి పరిష్కరించిన ప్రతులను ఆశ్రయించండి. ఇటువంటి భాషలో ఒక్క అక్షరం తప్పినా సరిచూసుకోవడానికి వేరే ఆధారం ఉండదు. ఐదు సంపుటాలుగా వచ్చిన లవ్‌క్రాఫ్ట్ ఎంపిక చేసిన ఉత్తరాలు కూడా ఉపయోగపడతాయి. 1934లో రాసిన ఒక ఉత్తరంలో లవ్‌క్రాఫ్ట్, క్తుల్హూ అన్న పేరు మనుషులది కాని నోటి నుంచి పుట్టినదనీ, మనిషి గొంతుకు అందినంతలో అది 'ఖ్లుల్-హ్లూ' వంటిదనీ, మొదటి అక్షరాన్ని గొంతు లోపలి నుంచి దట్టంగా పలకాలనీ వివరించారు. రచయిత 1937లోనే మరణించారు, మన చట్టంలో రచయిత మరణం తరువాత హక్కుల గడువు 60 ఏళ్లు. కాబట్టి ఆ కథల్లోని వాక్యాలను రంగస్థలం మీద వాడుకోవడానికి అడ్డంకి లేదు.

ఇక మీ వాక్యం. చెరువుకూ మేలుకోవడానికీ ఆ కథల్లో మాటలు లేవు, కాబట్టి మాటకు మాట పెట్టే ప్రయత్నం మానండి. అంతకంటే మంచి దారి 1927లో రాసి, ఆయన మరణానంతరం 1941లో వెలువడిన 'ది కేస్ ఆఫ్ చార్లెస్ డెక్స్టర్ వార్డ్'లో ఉంది. అందులో లేపే మంత్రం ఒకటి, అణచే మంత్రం ఒకటి ఉంటాయి. రెండోది చాలావరకు మొదటిదాన్ని అక్షరాల వరుస తిప్పి రాసినదే: 'థ్రాడ్‌ఆగ్' కాస్తా 'ఆగ్‌థ్రాడ్' అవుతుంది. నడుమనున్న దేవుడి పేరు మాత్రం తిరగబడదు; చివరి కేక కూడా వేరు. వికటకవి అన్న మాటతో పెరిగిన మన ప్రేక్షకుల చెవికి ఈ విలోమం ఇట్టే అందుతుంది.

ప్రశ్న అడిగినవారు:

కృతజ్ఞతలు సార్. ఒక చిక్కు మిగిలింది. నిన్న మేడ మీద సాధన చేస్తుంటే మా నటులందరూ "ఫతాగ్ను" అనే పలికారు. ఎన్నిసార్లు దిద్దినా మళ్లీ అదే వస్తున్నది.

జవాబు (చిత్తూరు నుంచి):

అది వాళ్ల తప్పు కాదు. తెలుగు అజంత భాష, అంటే మాటలు అచ్చుతో ముగిసే భాష కాబట్టి మాట చివర హల్లు మిగిలితే మన నాలుక తానే ఒక ఉకారం చేరుస్తుంది. ఆ ఉకారం చేరగానే మాట మన ఇంటిదైపోతుంది, భయం పోతుంది. ప్రతిలో పొల్లు పక్కన ఎర్రగీత గీసి, అక్కడ ఊపిరి బిగబట్టమనండి. నకారం దగ్గర నాలుకను పైపళ్లకు ఆనించి అలాగే ఉంచితే ఉకారానికి చోటు ఉండదు.

చెరువులో ఉన్నవాడికి మీరే ఒక పేరు పెట్టండి, ఊల్‌నాగ్ అనుకుందాం. మొదటి రంగం నుంచి "ఊల్‌నాగ్ ఫ్‌తాగ్న్" అని పలికిస్తూ, ఊరి ముసలమ్మ చేత ఒక్కసారి మాత్రం "నిద్రపోతున్నాడులే" అని తెలుగులో చెప్పించండి. చివరి రంగంలో బృందమంతా "తాగ్న్‌ఫ్ ఊల్‌నాగ్" అని తిప్పి పలకాలి. ఈ తిప్పిన మాట మీ కల్పన అని కరపత్రంలో ఒక వరుస రాయండి. నాటకంలో మాత్రం దానికి ఎవరి చేతా అర్థం చెప్పించకండి.